రాత్రికి రాత్రే కారు బ్యాటరీ దిగిపోతుంటే: ఏదైనా మార్చకముందు ఇవి చూడండి

మీరు రాసింది ఒకసారి నా మాటల్లో చెప్తాను, నేను సరిగ్గా అర్థం చేసుకున్నానో లేదో మీకే తెలుస్తుంది. ఉండేది గుంటూరు. ఎనిమిది నెలల కింద విజయవాడలో సెకండ్ హ్యాండ్‌లో కొన్న పెట్రోలు హ్యాచ్‌బ్యాక్. 35 ఏహెచ్ (ఆంపియర్ అవర్) బ్యాటరీ. సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి బండి పెట్టేటప్పుడు బాగానే ఉంటోంది. పొద్దున్న తాళం తిప్పితే టకటకమని శబ్దమే తప్ప సెల్ఫ్ తిరగడం లేదు. పక్కింటివాళ్ల బండి నుంచి జంపర్ కేబుల్ పెడితే వెంటనే స్టార్టవుతోంది. ఇదీ రోజూ కాదు, వారంలో రెండు మూడు సార్లు. బ్యాటరీ మార్చారు, నెల తిరక్కుండా మళ్లీ అదే. ఇప్పుడు షాపులో డైనమో (ఇంజన్ తిరుగుతుంటే బ్యాటరీకి చార్జింగ్ ఇచ్చేది) మార్చమంటున్నారు, మార్చాలా వద్దా అని అడిగారు.

వద్దండీ. ఇంకేదీ మార్చొద్దు. నేను విజయవాడ ఆటోనగర్‌లో 26 ఏళ్లుగా కార్ల కరెంటు పని చేస్తున్నాను. బ్యాటరీ దిగిపోతోందని వచ్చే బండ్లలో చాలావాటికి అప్పటికే ఒక కొత్త బ్యాటరీ పడి ఉంటుంది. అవసరం లేకుండా డబ్బు పెట్టించడం చూస్తే నాకు బాధగా ఉంటుంది, ఎందుకంటే ఈ జబ్బుని కొలిచి పట్టుకోవచ్చు. ఊహించే పని లేదు. 500 రూపాయల మల్టీమీటరు, ఒక 10వ నంబరు పానా, ఒక గంట ఓపిక ఉంటే సగం దారి మీరే నడవొచ్చు.

ముందు లెక్క చూద్దాం. "రాత్రికి రాత్రే" అన్న మీ మాటలోనే పెద్ద ఆధారం ఉంది. 35 ఏహెచ్ బ్యాటరీ అంటే, మోటుగా చెప్పాలంటే, గంటకి ఒక ఆంపియర్ చొప్పున లాగితే 35 గంటలు వస్తుంది. సెల్ఫ్ తిరక్కపోవడానికి అది పూర్తిగా ఖాళీ కానక్కర్లేదు, సగానికి పైగా పోతే చాలు. అంటే ఒక 20 ఏహెచ్ అనుకోండి. రాత్రి తొమ్మిదింటికి పెట్టి పొద్దున్న ఏడింటికి తీస్తే 10 గంటలు. 10 గంటల్లో 20 పోవాలంటే గంట గంటకీ 2 ఆంపియర్లు ఎవరో లాగుతుండాలి. 2 ఆంపియర్లు అంటే చిన్న దొంగ కాదు.

ఇప్పుడు ఒక్కొక్కటీ ఎంత తాగుతుందో పెట్టి చూడండి. డిక్కీలో ఉండే 5 వాట్ల బల్బు రాత్రంతా వెలిగినా దాదాపు 0.4 ఆంపియర్, పొద్దుటికి 4 ఏహెచ్. నిండా చార్జింగ్ ఉన్న మంచి బ్యాటరీని ఆ ఒక్క బల్బూ ఒక్క రాత్రిలో పడుకోబెట్టలేదు. రెండు రోజులు బండి కదపకపోతే పడుకోబెడుతుంది. లోపలి పైకప్పు బల్బు 10 వాట్లదైతే పొద్దుటికి 8 ఏహెచ్. నాలుగు పార్కింగ్ లైట్లూ, నంబరు ప్లేటు లైటూ కలిపితే 2 ఆంపియర్లు, 20 ఏహెచ్. వెనక రెండు బ్రేకు లైట్లు, ఒక్కోటి 21 వాట్లు, కలిపి మూడున్నర ఆంపియర్లు. 10 గంటలకి 35 ఏహెచ్. మీ బ్యాటరీ మీద రాసిన అంకె సరిగ్గా అదే. బండి నిద్రలో ఉన్నప్పుడు గడియారానికీ, రిమోటు లాకుకీ, కంప్యూటర్ల జ్ఞాపకానికీ పోయే కరెంటు మామూలుగా 20 నుంచి 50 మిల్లీ ఆంపియర్లు, అంటే పొద్దుటికి అర ఏహెచ్‌కి మించి పోదు.

కాబట్టి మీ బండిలో జరిగేది రెండిట్లో ఒకటి. బ్యాటరీ నిండుగా ఉండి పెద్ద లోడు (కరెంటు లాగేది) ఏదో రాత్రంతా నడుస్తోంది. లేదా బ్యాటరీ సాయంత్రానికే సగం ఖాళీగా ఉండి, మిగతా సగాన్ని చిన్న లోడు తినేస్తోంది. ఈ రెండూ బయటికి ఒకేలా కనిపిస్తాయి, వైద్యం మాత్రం వేరు. ఏది అన్నది తేల్చుకోకుండా సామాను మార్చుకుంటూ పోతే అంతం ఉండదు.

తేల్చుకోవడం చాలా తేలిక. రాత్రి బండి పెట్టాక హెడ్‌లైట్లు రెండు నిమిషాలు వేసి ఆపండి, అరగంట ఆగండి. చార్జింగ్ వల్ల పైపైన ఉండే ఓల్టేజ్ పోతుంది. అప్పుడు బ్యాటరీ మీద పొడుచుకొచ్చిన ప్లస్, మైనస్ రెండు కొమ్మల మీద మీటరు పెట్టి అంకె రాసుకోండి. 12.6 ఉంటే నిండుగా ఉన్నట్టు. 12.4 అంటే ముప్పాతిక. 12.2 అంటే సగం. 12.0 కి వచ్చిందంటే పావు మిగిలింది. రాసుకున్నాక బ్యాటరీ మైనస్ టెర్మినల్ (కొమ్మకి బిగించి ఉండే వైరు క్లాంపు) 10వ నంబరు పానాతో వదులు చేసి తీసి, కొమ్మకి తగలకుండా గుడ్డ చుట్టి పక్కన పెట్టండి. మైనస్సే, ప్లస్సు కాదు. ప్లస్సు విప్పేటప్పుడు పానా బాడీకి తగిలిందంటే నిప్పులు రాలతాయి. తలుపులు తాళంచెవితో వేసుకోవాలి, రిమోటు పనిచేయదు. డిక్కీ కరెంటు లాకుదైతే అందులో అవసరమైనవి ముందే తీసి పెట్టుకోండి. స్టీరియోకి కోడ్ ఉంటే అది ముందే చూసి రాసుకోండి. గడియారం, ఆటో విండో సెట్టింగ్ పోతాయి, అవి మళ్లీ పెట్టుకోవచ్చు.

పొద్దున్న టెర్మినల్ తగిలించక ముందే మళ్లీ ఓల్టేజ్ చూడండి. రాత్రి 12.6, పొద్దున్న 12.6, తగిలించగానే ఉషారుగా సెల్ఫ్ తిరిగిందనుకోండి, బ్యాటరీ మంచిదే, బండే తాగుతోంది. ఏమీ తగిలించకపోయినా 12.6 కాస్తా 12.1 కి పడిపోతే బ్యాటరీ లోపలే సెల్ షార్టయింది, కొత్తదైనా సరే, వారంటీలో తిరిగి ఇవ్వండి. రాత్రే 12.2 ఉంటే అసలు చార్జింగే ఎక్కడం లేదు, దాని సంగతి తర్వాత చెప్తాను. మీది రోజూ రాని జబ్బు కాబట్టి ఈ పరీక్ష ఒక్క రాత్రి చేస్తే చాలదు. మూడు నాలుగు రాత్రులు తీసి పెట్టండి. ఆ నాలుగు రోజులూ ఒక్కసారీ ఇబ్బంది పెట్టలేదంటే అప్పుడు నమ్మొచ్చు.

బండే తాగుతోందని తేలితే ఎంత తాగుతోందో కొలవాలి. ఇక్కడ చాలామంది మీటరు ఫ్యూజు కాల్చుకుంటారు, కాస్త నిదానంగా చదవండి.

తాళం తీసేయండి, తాళంచెవి ఇంట్లో దూరంగా పెట్టండి. బటన్ స్టార్ట్ బండైతే ఇది మరీ ముఖ్యం. కొన్ని కార్లలో తాళంచెవి దగ్గర్లో ఉంటే బండి దాన్ని వెతుక్కుంటూ మేలుకునే ఉంటుంది. పోర్టికో గోడకి అవతలే మేకుకి తాళంచెవి తగిలించి, బ్యాటరీ దిగిపోతోందని వచ్చినవాళ్లని చూశాను. బోనెట్ ఎత్తండి. డ్రైవరు తలుపు తెరిచి ఉంచాల్సి వస్తే తలుపు పక్కన ఉండే లాకు కొక్కేన్ని స్క్రూడ్రైవరుతో టక్‌మనేలా లోపలికి తోయండి, బండి తలుపు వేశారనుకుంటుంది, లోపలి లైటు ఆరిపోతుంది. పని అయ్యాక హ్యాండిల్ లాగి ఆ కొక్కేన్ని వదిలించాకే తలుపు వేయాలి. మరిచిపోయి గట్టిగా వేస్తే లాకు విరుగుతుంది.

మీటరులో ఎర్ర వైరుని ఓల్టుల సాకెట్ నుంచి తీసి 10ఏ అని రాసిన సాకెట్‌లో పెట్టండి, నల్లది కామ్ (COM) అని రాసిన సాకెట్‌లోనే ఉండాలి. చక్రాన్ని డీసీ ఆంపియర్లకి తిప్పండి. మైనస్ టెర్మినల్ విప్పి, మీటరు ఎర్ర పిన్ను విప్పిన టెర్మినల్‌కి, నల్ల పిన్ను బ్యాటరీ మైనస్ కొమ్మకి. ఇప్పుడు బండికి పోయే కరెంటంతా మీటరులోంచే పోతుంది. ఈ స్థితిలో తాళం తిప్పొద్దు, హెడ్‌లైటు వేయొద్దు, సెల్ఫ్ అసలే కొట్టొద్దు. సెల్ఫ్‌కి 100 ఆంపియర్ల పైనే కావాలి, మీ మీటరు మోసేది 10.

నేను మీటరు పెట్టేముందు పాత పద్ధతిలో ఒక 21 వాట్ల బ్రేకు లైటు బల్బుని వైర్లతో అదే చోట పెడతాను. బల్బు వెలగలేదా, లోడు చిన్నది, ధైర్యంగా మీటరు పెట్టొచ్చు. ఎర్రగా మినుకుమంటే ఒక మోస్తరు లోడు. ఫుల్లుగా వెలిగిందా, ఎక్కడో పెద్ద లోడు నడుస్తోంది లేదా డైరెక్ట్ షార్టు. బల్బు పోతే 20 రూపాయలు, మీటరు మిగులుతుంది.

తగిలించగానే మీటరులో 2, 3 ఆంపియర్లు చూపిస్తే కంగారు పడొద్దు. టెర్మినల్ తీసి పెట్టినప్పుడల్లా బండిలో ఉన్న కంప్యూటర్లన్నీ ఒక్కసారి లేస్తాయి. పాత బండైతే ఐదు పది నిమిషాల్లో పడుకుంటాయి, కొత్త బండ్లలో అరగంట, ఒక్కోసారి ముప్పావుగంట పడుతుంది. కుర్చీ వేసుకుని కూర్చోండి. అంకె మెట్లు దిగినట్టు దిగుతుంది. ఒకటిన్నర, 0.6, 0.2, అలా వచ్చి 0.03 దగ్గర నిలబడిందంటే ఆ క్షణానికి బండి ఆరోగ్యంగా ఉంది. అర ఆంపియర్ దగ్గరో ఒక ఆంపియర్ దగ్గరో ఆగిపోయి దిగనంటే దొంగ లోపలే ఉన్నాడు. ఈ నిద్రపోవడం సంగతి తెలియకే, టెర్మినల్ తీసి తాకించి "నిప్పురవ్వ వచ్చింది, షార్టు ఉంది" అని చెప్పేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఇప్పటి ఏ బండికైనా ఆ రవ్వ వస్తుంది. దాన్ని బట్టి ఏదీ తేల్చకూడదు.

క్లాంప్ మీటరు ఉంటే ఇంకా సుఖం, టెర్మినల్ తీయకుండానే వైరు చుట్టూ పట్టి చూడొచ్చు. అయితే అది డీసీ కొలిచేదై ఉండాలి, మిల్లీ ఆంపియర్లు చూపించాలి. ఇళ్లకి వైరింగ్ చేసేవాళ్ల దగ్గర ఉండేవి చాలావరకు ఏసీ మాత్రమే కొలుస్తాయి, కారుకి పనికిరావు.

లోడు ఉందని తెలిశాక అది ఏ దారిలో పోతోందో పట్టుకోవడానికి ఫ్యూజులు. ఒక్కొక్క ఫ్యూజు పీకుతూ మీటరు అంకె ఎక్కడ పడిపోతుందో చూడటం అందరికీ తెలిసిన పద్ధతి. పాత బండ్లకి బాగానే పనిచేస్తుంది. కానీ కొత్త బండ్లలో ఫ్యూజు మళ్లీ పెట్టగానే కంప్యూటరు మేలుకుంటుంది, మళ్లీ అరగంట. అందుకని నేను ఫ్యూజు పీకను. బ్లేడు ఫ్యూజు వీపు మీద జాగ్రత్తగా చూస్తే రెండు చిన్న లోహపు చుక్కలు కనిపిస్తాయి, మీటరు పిన్ను ఆనడానికే అవి. ముందు మీటరు తీసి, మైనస్ టెర్మినల్ తిరిగి తగిలించి, బండి మళ్లీ పడుకునేదాకా ఆగండి. తర్వాత మీటరుని మిల్లీ ఓల్టులకి తిప్పి, ఎర్ర వైరు తిరిగి ఓల్టుల సాకెట్‌లో పెట్టి, ఆ రెండు చుక్కల మీద పిన్నులు ఆనించండి. కరెంటు పోని ఫ్యూజు మీద సున్నా. పోతున్న ఫ్యూజు మీద 0.3, 0.8, 2.1, ఎంతో కొంత కనిపిస్తుంది. బండి నిద్ర చెడదు, ఐదు నిమిషాల్లో మొత్తం పెట్టె చూడొచ్చు. ఫ్యూజు పెట్టె ఒకటి బోనెట్ కింద ఉంటుంది, ఇంకోటి డ్యాష్‌బోర్డు కింద. రెండూ చూడాలి. ఏ ఫ్యూజు మీద అంకె కనిపించిందో దాని పేరు మూత మీద ఉంటుంది. ఇక ఆ లైను పట్టుకుని పోవడమే.

ఈ కొలతలన్నీ చేసి 0.03 వచ్చి, అయినా వారంలో రెండు రోజులు బండి పడుకుంటుంటే? మీది అలాంటిదేనని నా అనుమానం. కొలిచినప్పుడు దొంగ ఇంట్లో లేడు, అంతే. ఇలాంటి వాటిలో నాకు బాగా గుర్తున్న బండి ఒకటుంది. మీ గుంటూరుదే, మిర్చి యార్డులో కమిషన్ వ్యాపారం చేసే ఒకాయనది. మూడు నెలలు తిరిగారు, బ్యాటరీ మార్చారు, స్టీరియో పీకించారు. నా దగ్గర పగలంతా కొలిచాను, 28 మిల్లీ ఆంపియర్లు, ఎక్కడా తప్పు లేదు. రాత్రికి బండి ఉంచేసి వెళ్లమన్నాను. తొమ్మిదింటికి లైట్లార్పి షట్టరు సగం దించుతుంటే వెనక గోడ మీద ఎర్రటి వెలుగు. బండి తాళం నా జేబులో ఉంది, బ్రేకు లైట్లు రెండూ వెలుగుతున్నాయి.

బ్రేకు పెడల్ పైన, డ్యాష్‌బోర్డు కింద, ఒక చిన్న స్విచ్ ఉంటుంది. పెడల్ పైకి వచ్చినప్పుడు దాని పట్టీ ఆ స్విచ్ బొడిపెని నొక్కి పెడుతుంది, లైటు ఆరిపోతుంది. పెడల్ తొక్కితే బొడిపె బయటికి వస్తుంది, లైటు వెలుగుతుంది. పట్టీలో స్విచ్ బొడిపె ఆనే చోట ఒక రంధ్రం, ఆ రంధ్రంలో వేలి గోరంత రబ్బరు బిళ్ల. మన ఎండలకి అది ఎండి, పగిలి, ముక్కలైపోతుంది. అప్పుడు బొడిపె రంధ్రంలోంచి దూరిపోతుంది, స్విచ్‌ని నొక్కేది ఏమీ ఉండదు, లైట్లు వెలుగుతూనే ఉంటాయి. ఆ బండిలో బిళ్ల పూర్తిగా పోలేదు, పగిలి సగం వేలాడుతోంది. పెడల్ ఒక రకంగా వచ్చి ఆగితే నొక్కుకునేది, ఇంకో రకంగా ఆగితే లేదు. అందుకే కొన్ని రాత్రులే. డ్రైవరు సీటు ముందు మ్యాట్ మీద పెసరగింజంత నీలం రంగు ముక్కలు నాలుగు దొరికాయి, మూడు నెలలుగా ఎవరూ కిందకి చూడలేదు. కొత్త బిళ్ల ఖరీదు రెండు టీలంత. చాలా బండ్లలో బ్రేకు లైట్లకి తాళంతో పనిలేదు, ఎప్పుడూ కరెంటు ఉంటుంది. పగలు ఎండలో ఆ వెలుగు కనపడదు. పైన చెప్పిన లెక్కతో కలిపి చూడండి, ఒక్క రాత్రిలో 35 ఏహెచ్ ఖాళీ. ఎల్ఈడీ లైట్లున్న బండైతే ఇంత తొందరగా దిగదు, మీది బల్బుల బండే అనుకుంటున్నాను.

కాబట్టి ఈ రాత్రే ఒక పని చేయండి. బండి పెట్టాక గంట ఆగి, వీధి లైటు పడని పక్క నుంచి నాలుగు వైపులా తిరిగి చూడండి. వెనక గోడ మీద ఎరుపు ఉందా, అద్దాల్లోంచి లోపల ఎక్కడైనా వెలుతురు ఉందా. డిక్కీ బల్బు ఆరుతోందో లేదో తెలియాలంటే ఫోన్ వీడియో రికార్డింగులో పెట్టి డిక్కీలో ఉంచి మూత వేయండి, నిమిషం తర్వాత తీసి చూడండి. ముందు అరలో ఉండే బల్బుకీ అంతే. బోనెట్ ఎత్తి రేడియేటర్ ఫ్యాన్ తిరుగుతోందేమో వినండి. ఆపిన వెంటనే రెండు మూడు నిమిషాలు తిరగడం మామూలే, గంట తర్వాత తిరుగుతుంటే దాని రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్) అతుక్కుపోయింది. ఫ్యూజు పెట్టెలో రిలేల మీద చెయ్యి పెట్టండి, చల్లటి బండిలో ఒక్క రిలే గోరువెచ్చగా ఉంటే అది పనిచేస్తున్నట్టే.

స్టీరియో సంగతి. మీ బండికి కొన్నాక పెద్ద తెర ఆండ్రాయిడ్ స్టీరియో వేయించానన్నారు. దాని వెనక పసుపు వైరు, ఎర్ర వైరు ఉంటాయి. పసుపుకి ఎప్పుడూ కరెంటు ఉండాలి, జ్ఞాపకం కోసం. ఎర్రది తాళం తిప్పితేనే రావాలి. బిగించేవాళ్లు తాళం లైను వెతకడానికి బద్ధకించి రెండూ కలిపి మెలేస్తారు. బటన్ నొక్కితే తెర ఆరిపోతుంది, లోపల మాత్రం పడుకోదు. తాళం తీసి తలుపు వేశాక కూడా స్టీరియో బటన్ నొక్కితే వెలుగుతోందంటే రెండూ కలిపినట్టు అనుమానించండి. కొన్ని కంపెనీ స్టీరియోలు తాళం లేకుండా కాసేపు పాడతాయి, బయట బిగించినవి పాడకూడదు. స్టీరియో ఫ్యూజు తీసేసి మూడు రాత్రులు చూడండి. డ్యాష్‌క్యామ్, జీపీఎస్ ట్రాకర్, స్టీరింగ్ కింద ఓబీడీ సాకెట్‌లో (మెకానిక్ స్కానరు తగిలించే చోటు) గుచ్చే బ్లూటూత్ ముక్క, ఇవన్నీ ఈ కోవవే. ఆ సాకెట్‌లో 16వ పిన్నుకి 24 గంటలూ కరెంటు ఉంటుంది. పాత ఓనరు పెట్టించిన ట్రాకర్ ఏదైనా డ్యాష్‌బోర్డు వెనక ఉండిపోయిందేమో కూడా చూపించండి.

ఇప్పుడు డైనమో. మార్చమన్నవాళ్లు ఏం కొలిచి చెప్పారో అడగండి. ఇంజన్ ఆన్‌లో ఉండగా బ్యాటరీ మీద 13.8 నుంచి 14.5 వరకు ఓల్టులు వస్తే, ఏసీ, హెడ్‌లైట్లు వేసినా 13.5 కి తగ్గకుండా ఉంటే, అది చార్జింగ్ ఇస్తోంది. అయినా డైనమో రాత్రిపూట కరెంటు తాగే అవకాశం ఒకటుంది. లోపల డయోడ్లుంటాయి, కరెంటుని ఒకవైపే పోనిస్తాయి. ఒకటి పాడైతే బండి ఆపాక బ్యాటరీలోంచి వెనక్కి కారుతుంది. ఆనవాలు ఏంటంటే, ఫ్యూజులన్నీ చూసినా ఎక్కడా కనపడదు, కానీ మీటరు అంకె దిగదు. తెల్లవారుజామున ఇంజన్ చల్లగా ఉంటే డైనమో ఒక్కటీ వెచ్చగా తగులుతుంది. ఖాయం చేసుకోవాలంటే బ్యాటరీ మైనస్ విప్పి, డైనమో వెనక లావు వైరు నట్టు తీసి, వైరు కొసకి టేపు చుట్టి, మళ్లీ మీటరు పెట్టి చూడాలి. అంకె పడిపోయిందా, అప్పుడు డైనమో మీద పని ఉంది. అప్పుడైనా డయోడ్ ప్లేటు ఒక్కటీ మార్చే వీలుంటే అదే చేయించండి. మైనస్ విప్పకుండా ఆ నట్టు మీద పానా పెట్టొద్దు, అందులో ఎప్పుడూ కరెంటు ఉంటుంది. ఇంకొక మాట, డైనమో పనిచేస్తోందో లేదో చూడ్డానికి ఇంజన్ ఆన్‌లో ఉండగా టెర్మినల్ పీకేవాళ్లకి మీ బండి ఇవ్వకండి. ఆ క్షణంలో ఓల్టేజ్ ఎగిరి పడి కంప్యూటర్లు పోవచ్చు.

రాత్రి కొలిచినప్పుడే 12.2 ఉందనుకోండి, డైనమో కంటే ముందు టెర్మినళ్లు చూడండి. తెల్లగా, పచ్చగా పూత పట్టి ఉంటే వేడి నీళ్లలో వంట సోడా కలిపి పోసి, తోమి, ఆరబెట్టి, గట్టిగా బిగించి వేజలీను రాయండి. సోడా నీళ్లు మూతల్లోంచి లోపలికి పోకూడదు. ఎర్త్ వైరు బాడీకి బిగించిన చోట తుప్పు ఉంటే అదీ రుద్దించండి. మీ ఆఫీసు దూరం నాలుగు కిలోమీటర్లన్నారు. ఏసీ, ఫ్యాను, స్టీరియో వేసుకుని సిగ్నల్‌ సిగ్నల్‌కీ ఆగుతూ పావుగంటలో చేరితే బ్యాటరీకి ఎక్కేది తక్కువ. వారానికి ఒకసారైనా విజయవాడ దాకా హైవే మీద వచ్చి వెళ్తే ఆ లోటు కొంత తీరుతుంది.

చివరిగా ఒకటి అడగాలి, మనసుకి కష్టంగా ఉన్నా అడగాలి. బండి విజయవాడలో కొన్నానన్నారు. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగినప్పుడు సింగ్ నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట వైపు రోజుల తరబడి నీళ్లు నిలిచాయి. సీట్ల దాకా మునిగిన బండ్లు ఎన్నో. వాటిలో కొన్ని కడిగి, ఆరబెట్టి, పాలిష్ కొట్టి అమ్మకానికి వచ్చాయి. బండి పైకి అద్దంలా ఉంటుంది. కార్పెట్ కింద ఉండే దళసరి ఫెల్ట్ మాత్రం నీళ్లు పట్టుకుని నెలలు వదలదు. వైర్ల జాయింట్లకి చిలుము పడుతుంది, ఆ పచ్చటి చిలుము తేమ తగిలినప్పుడు ఒక పిన్ను నుంచి పక్క పిన్నుకి కరెంటు దారి చేస్తుంది. ఎండ కాసిన రోజు ఏమీ ఉండదు, ముసురు పట్టిన రాత్రి బండి నిద్రపోదు. మీ బండి పడుకున్న రోజులు వానకీ, బండి కడిగించిన రోజులకీ కలుస్తున్నాయేమో తేదీలు వేసి చూడండి.

పోల్చుకోవడం ఇలా. సీటు బెల్టుని చివరంటా లాగండి, మామూలుగా ఎప్పుడూ బయటికి రాని ఆఖరి మూరలో మట్టి చార ఉందా చూడండి. బెల్టుని కడిగేవాళ్లు అక్కడిదాకా వెళ్లరు. సీటు ముందుకి జరిపి పట్టాల బోల్టుల మీద తుప్పు చూడండి. డ్రైవరు కాళ్ల దగ్గర గుమ్మం ప్లాస్టిక్ పట్టీ లేపి కార్పెట్ కింద చెయ్యి పెట్టండి, తడిగా తగిలినా, వండ్రు వాసన వచ్చినా చెప్పండి. అప్పుడు పని ఫ్యూజు పెట్టె దగ్గర తీరదు. సీట్లు తీసి, కార్పెట్ ఎండబెట్టి, కింద ఉన్న కనెక్టర్లు ఒక్కొక్కటి విప్పి కాంటాక్ట్ క్లీనరుతో కడగాలి. రెండు రోజుల పని. చేయించుకుంటే బండి బాగుపడుతుంది, నేను చేసినవి ఉన్నాయి. వాయిదా వేసుకుంటూ పోతే ఒక్కో కంప్యూటరూ పోతుంది.

ఈలోపు మీ కొత్త బ్యాటరీని కాపాడండి. పూర్తిగా దిగిన ప్రతిసారీ దాని ఆయుష్షు కొంత పోతోంది, ఇలాంటి బ్యాటరీలు అలా దిగడానికి చేసినవి కావు. జంపర్ పెట్టి స్టార్ట్ చేసి ఆఫీసుకి వెళ్లొస్తే అది నిండదు. దగ్గర్లో చార్జింగ్ పెట్టే షాపులో ఇచ్చి, మూడున్నర ఆంపియర్లకి మించకుండా, 10 నుంచి 12 గంటలు నెమ్మదిగా పెట్టమనండి. ఫాస్ట్ చార్జింగ్ గంటలో ఇచ్చేస్తామంటే వద్దనండి. దొంగ దొరికేదాకా రాత్రిళ్లు మైనస్ తీసి పెట్టుకోండి.

బ్రేకు పెడల్ కింద మ్యాట్ ముందు చూడండి. తర్వాత మూడు అంకెలు నాకు రాయండి: రాత్రి ఓల్టేజ్, పొద్దున్న ఓల్టేజ్, ముప్పావుగంట ఆగాక ఆంపియర్లు. ఫ్యూజు మీద మిల్లీ ఓల్టులు కనపడితే మూత మీద ఆ ఫ్యూజు పేరు కూడా. అవి ఉంటే ఏ వైరు పట్టుకోవాలో ఇక్కణ్నించే చెప్తాను.